20 వేల పరిమితితో వచ్చిన క్రెడిట్ కార్డు: మూడేళ్లు వాడాక

నెల్లూరులో రొయ్యల మేత అమ్మే దుకాణంలో గుమాస్తాను. సాయంత్రాలు మరికొన్ని దుకాణాలకు పద్దులు రాస్తాను, ఆ డబ్బు చేతికే వస్తుంది. బ్యాంకు మాత్రం ఖాతాలో పడే జీతాన్నే చూసింది. పైగా అప్పటికి నా పేరున ఏ అప్పూ లేదు కాబట్టి సిబిల్ స్కోరే (అప్పులు ఎలా తీరుస్తున్నామో చూసి ఇచ్చే మార్కు) లేదు. కార్డుతో వచ్చిన పరిమితి 20,000 రూపాయలు. ఊళ్లో అందరికీ లక్షల్లో వస్తుంటే నాకు ఇంతేనా అని ఉసూరుమనిపించింది.

చిల్లర ఖర్చులకు ఆ మొత్తం చాలు. నాది రూపే కార్డు కనుక యూపీఐకి కలుపుకున్నాను. చిన్నబజారులో సరుకులు, పెట్రోలు, కరెంటు బిల్లు అన్నీ దానితోనే గడిచాయి. చిక్కల్లా పెద్ద ఖర్చు దగ్గరే. రోహిణి కార్తె ఎండలకు తాళలేక ఏసీ కొన్నప్పుడు సగం కార్డు మీద వాయిదాలు పెట్టించి, మిగతాది ఖాతా నుంచి కట్టాను. వాయిదా నెలకు కొంతే అయినా, మొత్తం సొమ్ము మొదటి రోజే పరిమితిలోంచి పోతుంది, కట్టినకొద్దీ తిరిగి వస్తుంది. ఆ ఏడాది కార్డు పేరుకే జేబులో ఉంది.

అసలు చేదు చెన్నైలో తగిలింది. నాన్నను ఆసుపత్రిలో చేర్చేటప్పుడు 50,000 అడ్వాన్సు అడిగారు. మన జిల్లావాళ్లకు పెద్ద జబ్బు అంటే చెన్నై రైలే కదా, ఇలాంటి అవసరం ఎవరికైనా రావచ్చు. బావ తన కార్డు తీసి కట్టాడు. నాది జేబులోంచి తీయనే లేదు.

చిన్న పరిమితికి మరో ఇబ్బంది, స్కోరు. 20 వేలలో 18 వేలు వాడితే 90 శాతం వాడకం. నెలనెలా పూర్తిగా కట్టినా, బ్యాంకు సిబిల్‌కు వివరాలు పంపే రోజున ఉన్న బాకీయే అక్కడి నివేదికలో కనబడుతుంది. 30 శాతం లోపు ఉంటే మంచిదంటారు. అందుకని బిల్లు తయారయ్యే తేదీకి ముందే 14 వేలు కట్టేసి, 4 వేలే మిగిల్చేవాణ్ని. బ్యాంకులు ఈ వివరాలను పక్షానికోసారి పంపాలన్న నిబంధన 2025 జనవరిలో అమల్లోకి వచ్చినప్పటి నుంచి నెల మధ్యలో కూడా ఓ కన్నేసి ఉంచుతున్నాను. స్కోరు బాగానే పెరిగింది, పరిమితి మాత్రం కదల్లేదు.

కస్టమర్ కేర్ వారిది ఒకటే పాట: "ఇంకా వాడండి సార్, అదే పెరుగుతుంది." ఈ సలహా నాకు నచ్చదు. పరిమితి కోసం అక్కర్లేనివి కొనడమేమిటి? యాప్‌లో పెంపు అడిగితే 'అంతర్గత నిబంధనల ప్రకారం కుదరదు' అని వచ్చింది. కారణం ఎవరూ చెప్పలేదు. చివరకు పనిచేసింది కాగితమే. పద్దుల ఆదాయం కూడా చూపి ఆదాయపు పన్ను రిటర్ను వేశాను, దాని నకలు శాఖలో ఇచ్చాను. తరువాత కొన్నాళ్లకు 75,000కు పెంచుతాం, ఒప్పుకుంటారా అని సందేశం వచ్చింది. మన అనుమతి లేకుండా పెంచకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన, అందుకే ఆ ప్రశ్న.

అన్నాళ్లు ఆగలేనివారు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు చూసుకోవచ్చు. డిపాజిట్ ఎంతుంటే దాన్నిబట్టి పరిమితి ఇస్తారు, జీతం కాగితాల గొడవ పెద్దగా ఉండదు. కార్డు ఉన్నంతకాలం ఆ డబ్బు మాత్రం బ్యాంకు పట్టులో ఉంటుంది. చేతి ఖర్చుకు ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీయమని చెప్పేవారి మాట వినకండి. దానికి వడ్డీ లేని గడువు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ, పైన రుసుము.

అయిదుకు మూడు ఇస్తాను. పెంపు నిరాకరించినప్పుడే ఫలానా కాగితం తెమ్మని ఒక్క ముక్క చెప్పి ఉంటే నాలుగు ఇచ్చేవాణ్ని.