స్టౌట్‌లో చేదుకి మ్యాగ్నమా, ఈస్ట్ కెంట్ గోల్డింగ్సా?

ఇంట్లో స్టౌట్ (కాల్చిన బార్లీతో చేసే నల్ల బీరు) చేసేవాళ్లు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గురించి గంటలు గంటలు మాట్లాడతారు గానీ, గంటసేపు మరగాల్సిన ఆ మొదటి హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) దగ్గరికొచ్చేసరికి ఏది దొరికితే అది వేసేస్తారు. నాకది అస్సలు నచ్చదు.

జర్మనీ హాప్స్ రకం మ్యాగ్నమ్‌లో ఆల్ఫా యాసిడ్లు (చేదుకి మూలం ఇవే) మామూలుగా 12 నుంచి 14 శాతం, ఇంగ్లండ్‌లోని కెంట్‌లో పండే గోల్డింగ్స్‌లో 5 శాతం అటూ ఇటూ. అంటే 20 లీటర్ల స్టౌట్‌కి 35 ఐబీయూల (చేదుని కొలిచే యూనిట్) చేదు రావాలంటే మ్యాగ్నమ్ సుమారు 25 గ్రాములు చాలు, అదే గోల్డింగ్స్ అయితే 65 గ్రాముల దాకా పడుతుంది. ఆ తేడా గిన్నె అడుగున కళ్లకి కనిపిస్తుంది. గోల్డింగ్స్ వేసిన రోజు వోర్ట్ (ఇంకా పులియని బీరు రసం) వంపేశాక గోంగూర ముద్దలా పచ్చగా ఇంత మిగులుతుంది, అది పీల్చుకున్న వోర్ట్ ఇక మనకి దక్కదు.

రుచి మాటకొస్తే, మ్యాగ్నమ్ చేదు గరుకు లేకుండా శుభ్రంగా ఉంటుంది. కాల్చిన బార్లీ ఎలాగూ కాఫీ చేదు తెస్తుంది కాబట్టి దాని పక్కన ఇంకో గొంతు వినిపించకపోవడమే మంచిది. గోల్డింగ్స్‌లోని ఆ తేనె, మట్టి వాసన గంటసేపు మరిగితే చాలావరకు ఆవిరైపోతుంది, అందుకే స్టౌట్‌లో దాన్ని చివరి పది నిమిషాలకి దాచుకుంటాను.

డార్క్ మైల్డ్ (తేలికైన ముదురు రంగు ఇంగ్లిష్ బీరు) అయితే మాత్రం నా ఓటు గోల్డింగ్స్‌కే. 20 ఐబీయూకి 30 గ్రాములు సరిపోతాయి, మాడు రుచి తక్కువ కాబట్టి ఆ మెత్తదనం నాలుకకి తెలుస్తుంది.

ఏది కొన్నా ప్యాకెట్ మీద ఆల్ఫా శాతం చూసి లెక్క కట్టండి, పంట పంటకీ మారుతుంది.