విజువల్ బేసిక్ 6: పనిముట్టు గట్టిదే, నేర్చుకునేవాళ్లే లేరు

ఎరువుల షాపులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసివ్వడం నా పని. వాటిలో పాతవన్నీ విజువల్ బేసిక్ 6లో రాసినవే. 1998లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ప్రోగ్రామింగ్ సాధనం అది. దాంతో చేసిన ప్రోగ్రాం విండోస్ 11లో కూడా నడుస్తోంది, దానికి కావలసిన రన్‌టైమ్‌ను, అంటే ప్రోగ్రాం నడవడానికి తోడుండే ఫైళ్లను, మైక్రోసాఫ్ట్ ఇప్పటికీ విండోస్‌తోనే ఇస్తోంది కాబట్టి. నమ్మకానికి పూర్తి మార్కులు వేస్తాను.

కొత్తవాళ్లకు ఇంతకన్నా మేలు చేసిన భాష నాకు కనబడలేదు. ఫారం మీద బటన్ పెట్టి డబుల్ క్లిక్ చేస్తే కోడ్ రాసే చోటు తెరుచుకుంటుంది. ఎఫ్5 నొక్కితే నడుస్తుంది. నడుస్తుండగా తప్పు దొరికితే అక్కడే లైను దిద్ది ముందుకు పోవచ్చు. అందుకే అప్పట్లో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో బీకాం వాళ్లు కూడా ధైర్యంగా చేరేవాళ్లు. డెబిట్, క్రెడిట్ తెలిసినవాడే తన లెడ్జర్ ప్రోగ్రాం తాను రాసుకునేవాడు.

లోపాలూ ఉన్నాయి. మామూలు లేబుల్‌లో యూనికోడ్ తెలుగు పెడితే ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. రైతు పేరు తెలుగులో రావాలంటే పాత ఫాంట్లతో తంటాలు పడాల్సిందే.

అయితే దీన్ని పడగొట్టింది ఆ లోపాలు కావు. 2002లో విజువల్ బేసిక్ డాట్‌నెట్ వచ్చింది. పేరు పాతదే గానీ పాత కోడ్ అందులో ఉన్నది ఉన్నట్టు నడవదు. మార్చడానికి విజార్డ్ అనే సహాయక ప్రోగ్రాం ఇచ్చారు, అది మార్చలేక వదిలేసిందంతా మనమే దిద్దుకోవాలి. 2005లో మైక్రోసాఫ్ట్ స్వయంగా గౌరవించిన ఎంవీపీ నిపుణులే పాత భాషను కొనసాగించమని పిటిషన్ పెట్టినా ఫలితం లేదు. 2008 ఏప్రిల్‌లో విజువల్ బేసిక్ 6 ఎడిటర్‌కు సపోర్ట్ ఆగిపోయింది. 2020లో డాట్‌నెట్ రూపాన్ని కూడా భాషగా ఇక పెంచబోమని ప్రకటించారు. ప్రోగ్రామర్లు జావాకో సీషార్ప్‌కో వెళ్లిపోయారు. నాకు తెలిసిన అకౌంటెంట్లు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు, రాయడమే మానేశారు. నా బాధంతా వాళ్ల గురించే.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది వద్దంటాను. సందేహం వస్తే పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేరు. ఎక్సెల్‌లోనే ఉండే విజువల్ బేసిక్ రూపం వీబీఏతో మొదలుపెట్టండి, ఆ సులువు కొంతైనా అందులో మిగిలింది. పాత ప్రోగ్రాం వాడుతున్న షాపులవాళ్లు సోర్స్ కోడ్ ఎవరి దగ్గరుందో ఇప్పుడే కనుక్కోండి. ప్రోగ్రాం వాడుకునే విడిభాగాల్లాంటి ఓసీఎక్స్ ఫైళ్లు కూడా కాపీ చేసి పెట్టుకోండి, అవి లేకపోతే కొత్త కంప్యూటర్‌లో ప్రోగ్రాం తెరుచుకోదు. ఆ తర్వాత విజువల్ బేసిక్ 6కు వారసుడిలా వస్తున్న ట్విన్‌బేసిక్ చూడండి. పాత ప్రాజెక్టును తీసుకుని 64 బిట్‌కు కూడా కంపైల్ చేస్తుంది. ఒక షాపు ప్రోగ్రాంను దాంట్లోకి మారుస్తున్నాను. బిల్లు వస్తోంది, స్టాక్ రిపోర్టు దగ్గర ఇంకా పని ఉంది.