డబ్బు కట్టి ప్రైవేట్ రాంచ్‌లో ఎల్క్ వేట: టెక్సాస్, న్యూ మెక్సికో, కొలరాడో, మోంటానా, ఎక్కడ ఎలా ఉంది

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఈమధ్య చాలామంది గన్ రేంజ్‌కి వెళ్తున్నారు, అందులో కొంతమంది హాగ్ హంట్, డీర్ లీజు అయ్యాక ఇక ఎల్క్ అని మొదలుపెడుతున్నారు, రేట్లు ఎంత, ఎక్కడికి పోవాలి, రాంచ్ వాళ్ళకి డబ్బు కట్టడం అవసరమా అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే నేను తిరిగిన చోట్లన్నీ ఒకే దగ్గర రాస్తున్నా.

తెలియని వాళ్ళకి, ఎల్క్ అంటే మన కణుజు జాతికి దగ్గరదే కానీ ఇంకా భారీ జంతువు, పెద్ద బుల్, అంటే మగది, మూడు వందల కిలోలు దాటుతుంది. ముందు ఒక విషయం బాగా అర్థం చేసుకోవాలి. అమెరికాలో అడవి జంతువు భూమి ఓనరుది కాదు, రాష్ట్రం తరఫున జనం అందరిదీ. టెక్సాస్ కంచె రాంచ్‌లు పక్కన పెడితే, రాంచ్ వాళ్ళకి మీరు కట్టేది వాళ్ళ గేటు లోపలికి అడుగు పెట్టినందుకు మాత్రమే, దాన్నే ఇక్కడ ట్రెస్‌పాస్ ఫీజు అంటారు. ట్యాగ్, అంటే వేట లైసెన్సు, వేరే. ఈ రెండూ కలిపేసి చెప్పేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండండి.

మరి కొలరాడోలో నేషనల్ ఫారెస్ట్ అంత ఉండగా ప్రైవేట్ ఎందుకు అంటే, సీజన్ మొదలైన రోజు పొద్దున ఫారెస్ట్‌లో నాలుగు తుపాకులు పేలాయంటే ఎల్క్ మందలు కంచె దాటి ఎవరూ తిరగని ప్రైవేట్ భూముల్లోకి జారుకుంటాయి, గడ్డి కూడా అక్కడే బాగుంటుంది. కాబట్టి డబ్బుకి వచ్చేది పెద్ద కొమ్ములు కాదు, అలికిడి లేని చోటు. ఈ లెక్కలో చూస్తేనే ఏ రాంచ్ రేటు న్యాయం, ఏది కాదు అని తేలుతుంది.

టెక్సాస్ హై ఫెన్స్‌తో మొదలుపెడతా, ఎందుకంటే మనకి దగ్గర, ఎక్కువమంది అక్కడికే వెళ్తారు. హిల్ కంట్రీలో కెర్‌విల్, జంక్షన్ అనే ఊళ్ళ వైపు ఎత్తు కంచె వేసిన రాంచ్‌లు చాలా ఉన్నాయి. టెక్సాస్ చట్టంలో ఎల్క్‌ని ఎక్సోటిక్, అంటే బయటి జంతువు కింద లెక్కేస్తారు, అందుకని సీజన్ అంటూ లేదు, ట్యాగుల కోసం లాటరీ, అదే డ్రా, లేదు, మామూలు హంటింగ్ లైసెన్సు ఉంటే చాలు, ఏడాదిలో ఎప్పుడైనా వెళ్ళొచ్చు. లాడ్జ్ చూస్తే హోటల్ కంటే బాగుంది, భోజనం బ్రహ్మాండం, గైడ్ చాలా మర్యాదస్తుడు. కానీ రేటు కొమ్ముల స్కోర్‌ని బట్టి, ఇంత ఇంచీల వరకు ఇంత, దాటితే ఇంత అని కార్డు ముందు పెడతారు, జంతువుని ముందే ఎంచేసి దాని దగ్గరికి బండిలో తీసుకెళ్తారు. నేను కొట్టలేదు, నాతో వచ్చిన ఫ్రెండ్ కొట్టాడు, పెద్ద బుల్లే, ఫోటో అదిరింది. కానీ కంచెలోపల కొట్టినదాన్ని బూన్ అండ్ క్రాకెట్ అనే వేటగాళ్ళ క్లబ్బు రికార్డుల్లోకి తీసుకోరు, నాకు అది సబబే అనిపిస్తుంది. కొండెక్కలేని పెద్దవాళ్ళు, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ళు వెళ్తే నేను సంతోషిస్తా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు మాత్రం అదే డబ్బు దాచుకుని ఉత్తరానికి వెళ్ళండి.

న్యూ మెక్సికోలో లెక్క వేరు. అక్కడ ఏళ్ళ తరబడి అప్లై చేసి పాయింట్లు పోగేసుకునే గొడవ లేదు, అందరూ ప్రతి ఏడాదీ సమానంగా డ్రాలో పడతారు, కానీ కోటా చూస్తే 84 శాతం ఆ రాష్ట్రం వాళ్ళకి, 10 శాతం అవుట్‌ఫిట్టర్, అంటే వేట ఏర్పాట్లు చేసే కంపెనీ ద్వారా అప్లై చేసినవాళ్ళకి, మిగిలిన 6 శాతమే మనలాంటి బయటివాళ్ళకి. అందుకే మనం ఎక్కువగా ఈ-ప్లస్ అనే పద్ధతి వైపు చూస్తాం, రాంచ్ ఓనర్లకి రాష్ట్రం ఆథరైజేషన్లు ఇస్తుంది, వాళ్ళు వాటిని అమ్ముకోవచ్చు, అది కొనుక్కుని లైసెన్సు తీసుకోవడమే. ఇక్కడే చాలామంది చూసుకోని పాయింట్ ఒకటుంది. ఆథరైజేషన్ రెండు రకాలు, రాంచ్-ఓన్లీ, యూనిట్-వైడ్. యూనిట్ అంటే రాష్ట్రం వేట కోసం గీసిన ప్రాంతం, యూనిట్-వైడ్ అయితే ఆ యూనిట్‌లో పబ్లిక్ ల్యాండ్ అంతా తిరగొచ్చు, వినడానికి బాగుంటుంది, కానీ ఆ స్కీములో చేరిన రాంచ్‌లోకి డ్రాలో ట్యాగ్ వచ్చినవాళ్ళు కూడా ఒక్క పైసా కట్టకుండా రావచ్చు. క్వెమాడో వైపు ఒకాయన నాకు ఇదే చూపించి ‘మా రాంచ్ మీ ఒక్కరికే’ అన్నట్టు మాట్లాడాడు, యూనిట్-వైడా అని అడిగితే అప్పుడు చెప్పాడు అవునని. కొండల్లో తిరిగే ఓపిక ఉంటే యూనిట్-వైడ్ మంచిదే, ఒంటరిగా ఉండాలంటే మాత్రం రాంచ్-ఓన్లీ అడగాలి.

నేను చామా దగ్గర రాంచ్-ఓన్లీ తీసుకున్నా. ఆథరైజేషన్ ఒక్కటే ఆరు వేల డాలర్లు పైన పడింది, లైసెన్సు, గైడు, బస అన్నీ వేరే. చోటు చాలా అందంగా ఉంది, అక్టోబర్‌లో ఆస్పెన్ చెట్లు పసుపు రంగు తిరిగి కొండంతా వెలిగిపోతుంటుంది, ఊళ్ళో 1880లో వేసిన నారోగేజ్ లైను మీద ఆవిరి ఇంజన్ రైలు ఇంకా నడుస్తోంది, ఫ్యామిలీతో వెళ్తే మీరు కొండ మీద ఉన్నప్పుడు వాళ్ళకి మంచి కాలక్షేపం, కాకపోతే అక్టోబర్ చివరికి ఆపేస్తారు, ముందే డేట్లు చూసుకోండి. గైడ్ కుర్రాడు ఆణిముత్యం, గాలి ఎటు వీస్తుందో చూడందే అడుగు కదపడు. బాధ ఏంటంటే రెండో రోజు పొద్దున్నే మేము కూర్చున్న లోయలోకే ఇంకో పార్టీ వచ్చింది, వాళ్ళూ అదే అవుట్‌ఫిట్టర్ మనుషులే, అడిగితే ‘రాంచ్ పెద్దది కదా సర్’ అన్నారు. ఒకేసారి ఎంతమందిని లోపలికి పంపుతారు అనేది కాగితం మీద లేదు. డబ్బు పెట్టిందే అలికిడి లేని చోటు కోసం అయినప్పుడు ఈ ఒక్క ముక్క లేకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా ఏం లాభం చెప్పండి.

ఇప్పుడు కొలరాడో, నా మనసుకి బాగా నచ్చింది ఇదే. ప్రపంచంలో ఎక్కువ ఎల్క్ ఉన్నది ఈ రాష్ట్రంలోనే, అందులోనూ మీకర్, క్రెయిగ్ చుట్టూ ఉన్న వాయవ్య మూల మరీను. మేము 287 మీద అమరిల్లో, అక్కడ్నుంచి డాల్‌హార్ట్, క్లేటన్, రటోన్ మీదుగా ఎక్కి, అరోరాలో మా తోడల్లుడి ఇంట్లో ఒక రాత్రి పడుకుని, తర్వాత ఐ-70 మీద రైఫిల్ అనే ఊరు దాకా వెళ్ళి ఉత్తరానికి తిరిగాం. అలా ఆగి వెళ్ళడం మంచిది, మీకరే ఆరు వేల అడుగుల పైన ఉంటుంది, వేట జరిగే కొండలు ఇంకా ఎత్తు, డల్లాస్ నుంచి నేరుగా వెళ్ళి ఎక్కితే తలనొప్పి, ఆయాసం వచ్చి మొదటి రోజు పోతుంది.

మా రాంచ్ ఒక ముసలి దంపతులది, ఆవులు, ఎండుగడ్డి వాళ్ళ బతుకు. మనిషికి రెండున్నర వేల డాలర్లు, వారం రోజులు, పాత క్యాబిన్‌తో కలిపి, గైడ్ లేడు, వంట మనదే. క్యాబిన్‌లో కట్టెల పొయ్యి, బంకు మంచాలు, వేడినీళ్ళు పర్వాలేదు, ఫోన్ సిగ్నల్ గుట్టెక్కితేనే. రైస్ కుక్కర్, ఆవకాయ, ముందురోజు కలిపిన పులిహోర పట్టుకెళ్ళాం, చలికి అది చెడిపోదు కూడా.

ఆ పెద్దావిడ వంటింట్లో బల్ల మీద మ్యాప్ పరిచి పెన్నుతో గీసి చూపించింది, ఇక్కడిదాకా మాది, ఈ వాగు అవతల పక్కింటాయనది, ఈ గేటు తీసి ఉంటే తీసే ఉంచండి, మూసి ఉంటే మూసేయండి, వాన పడితే ఈ దారిలో బండి తోలొద్దు. ఆ వారం మేము తప్ప ఎవరూ ఉండరు అని కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టారు. ఒక్క పేజీ, అంతే, కానీ చామాలో నాకు దొరకనిది ఆ పేజీలోనే ఉంది.

సాయంత్రం పెద్దాయన కంచె చూపించడానికి తీసుకెళ్ళాడు. ముళ్ళ తీగ పైవరస వదులై వేలాడుతోంది, ముళ్ళకి ఎల్క్ గోధుమరంగు వెంట్రుకలు గుత్తులు గుత్తులుగా చిక్కుకుని ఉన్నాయి, పెద్దవి దూకేస్తాయట, పిల్లలు దూకలేక తీగల మధ్యలోంచి దూరి తెంపేస్తాయి. చలికాలం ఆవుల కోసం దాచిన గడ్డి వాముల మీదికి మందలు పడతాయి. మన నల్లమల అంచు ఊళ్ళలో అడవి పందులు పడి చేను పోయిన రైతు మొహం చూసినవాళ్ళకి ఆయన మాటలో బాధ వెంటనే అర్థమవుతుంది, తేడా ఏంటంటే మన దగ్గర వన్యప్రాణి చట్టం సరదా వేటకి ఒప్పుకోదు, ఇక్కడ వేటగాళ్ళ డబ్బు రైతుకి చేరే దారి ఉంది.

ఆయన చెప్పిన ఇంకో విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. పక్క రాంచ్ అమ్ముడైపోయి 35 ఎకరాల ముక్కలయింది. కొలరాడోలో 1972 నాటి చట్టం ప్రకారం 35 ఎకరాలు, అంతకంటే పెద్ద ముక్కలకి కౌంటీ సబ్‌డివిజన్ అనుమతులు అక్కర్లేదు, అందుకని అందరూ సరిగ్గా ఆ సైజుకే కోస్తారు. హైదరాబాద్ చుట్టూ పొలాలు వెంచర్లయినట్టే, ముక్కకో రోడ్డు, రోడ్డుకో ఇల్లు, ఇంటికో కుక్క. ఎల్క్ చలికాలం దిగే దారి అక్కడితో ఆఖరు. మా ఫీజు ఆయనకి ట్యాక్సులకి, కంచెకి సరిపోతుందట. డబ్బున్నవాళ్ళు వేటని కొనేసుకుంటున్నారు అని తిట్టేవాళ్ళ మాటలో న్యాయం ఉంది, నేను కాదనను, కానీ ఇలాంటి చిన్న కుటుంబాలకి వెళ్ళే డబ్బు భూమిని ముక్కలు కాకుండా ఆపుతోంది, అందుకే నేను మళ్ళీ అక్కడే కడతాను.

వేట సంగతికొస్తే, తెల్లారకముందే ఫారెస్ట్ వైపు నుంచి తుపాకుల చప్పుడు వినపడింది, కాసేపటికి ఓక్ పొదల్లోంచి ఆడవి, పిల్లలు వరుసగా దిగాయి, వాటి వెనకాల బుల్. నేను తీసుకున్న ట్యాగ్‌కి ఒక కొమ్ముకి నాలుగు పాయింట్లు, అంటే కొనలు, ఉండాలి, లేదా బ్రో టైన్ అనే కింది కొన అయిదు అంగుళాలు ఉండాలి, స్కోప్‌లో అది లెక్క చూసుకున్నాకే వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను. అయిదు పాయింట్ల మంచి బుల్. ట్రోఫీ అనరు, బూన్ అండ్ క్రాకెట్ ఆల్-టైమ్ పుస్తకంలోకి ఎక్కాలంటే టిపికల్, అంటే రెండు వైపులా సమంగా పెరిగిన కొమ్ములకి 375 స్కోర్ కావాలి, అలాంటిది ఎవరైనా తేలిగ్గా కొనగలిగే ట్యాగ్‌తో ఈ మూలలో దొరుకుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి, ఇక్కడ మందలు పెద్దవి కానీ బుల్స్‌కి ముదిరే వయసు రానివ్వరు. ముదురు బుల్ కావాలంటే ట్యాగులు తక్కువ ఇచ్చే యూనిట్, లేదా వెర్మెహో లాంటి అయిదు లక్షల ఎకరాలు దాటిన రాంచ్, లేదా అరిజోనా వైట్ మౌంటెన్ అపాచీల భూమి, అవి మన బడ్జెట్ మాట కాదు.

మోంటానా గురించి కొంచెం. అక్కడ బ్లాక్ మేనేజ్‌మెంట్ అని ఉంది, లైసెన్సుల డబ్బుతో రాష్ట్రమే రాంచ్ ఓనరుకి కడుతుంది, మనం ఏమీ కట్టక్కర్లేదు, కొన్ని చోట్ల గేటు దగ్గర పెట్టెలో పేరు రాసి లోపలికి వెళ్ళడమే, కొన్ని చోట్ల ముందే ఫోన్ చేసి బుక్ చేసుకోవాలి. బయటి రాష్ట్రం వాళ్ళకి లైసెన్సే వెయ్యి డాలర్లు దాటుతుంది, ఏప్రిల్ 1 లోపు అప్లై చేయాలి. జనం ఎక్కువ, ఎల్క్ తక్కువ కనపడ్డాయి, అయినా మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇదే చెప్తా, కొండ, చలి, నడక మన ఒంటికి పడతాయో లేదో తెలిశాకే వేలు ఖర్చు పెట్టొచ్చు.

ఇంకో మాట, వయోమింగ్‌లో పబ్లిక్, ప్రైవేట్ భూములు చదరంగం గళ్ళలా ఉంటాయి. 2021లో ఎల్క్ మౌంటెన్ దగ్గర నలుగురు వేటగాళ్ళు ప్రైవేట్ నేల తాకకుండా మూల నుంచి మూలకి దాటినందుకు కేసు పెట్టారు, 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్ ఫెడరల్ కోర్టు (కొలరాడో, న్యూ మెక్సికో కూడా దాని పరిధిలోవే) వేటగాళ్ళ వైపు తీర్పు ఇచ్చింది, అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీం కోర్టు అప్పీలు తీసుకోలేదు. కాబట్టి కొలరాడో, న్యూ మెక్సికోలో కూడా ఎవరికైనా ఫీజు కట్టే ముందు భూమి హద్దులు చూపించే ఓన్‌ఎక్స్ యాప్‌లో చూడండి, మూల దాటి వెళ్ళగలిగే పబ్లిక్ ముక్క పక్కనే ఉండొచ్చు.

వీసా మీద ఉన్నవాళ్ళకి ముఖ్యమైనది. హెచ్-వన్ లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉంటే మామూలుగా తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ నేరం, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు గడువు తీరకుండా చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ సమస్య లేదు. ఫ్రెండ్ రైఫిల్ సరదాగా పట్టుకున్నా ఇదే రూలు, లాయర్‌ని ఒకసారి అడిగి వెళ్ళండి. కొలరాడోలో 1949 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళందరికీ హంటర్ ఎడ్యుకేషన్ కార్డు తప్పనిసరి, టెక్సాస్‌ది అక్కడ చెల్లుతుంది.

మాంసం వదిలేసి రావడం నేరం, వదలాలనీ అనిపించదు. కొవ్వు దాదాపు ఉండదు, అందుకని మటన్‌లా ఎక్కువసేపు ఉడికిస్తే గట్టిపడుతుంది, బ్యాక్‌స్ట్రాప్‌ని, అంటే వెన్ను పక్కనుండే మెత్తని మాంసాన్ని, సన్నగా కోసి మిరియాలు, అల్లం వెల్లుల్లి పట్టించి పెద్ద మంట మీద వేయిస్తే చాలు, మిగతాది కీమా. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింక జాతికి వచ్చే మెదడు జబ్బు ఉంది, దాని టెస్టుకి తల ఇచ్చి రిజల్ట్ వచ్చాకే వండండి, టెక్సాస్‌కి తెచ్చేటప్పుడు మెదడు, వెన్నెముక తేవద్దు, ఎముక తీసేసిన మాంసం, శుభ్రం చేసిన పుర్రె, కొమ్ములు మాత్రం తెచ్చుకోవచ్చు. మీకర్‌లో మాంసం కోసి ప్యాక్ చేసేవాళ్ళు సీజన్‌లో కిటకిటలాడతారు, వెళ్ళేముందే ఫోన్ చేసి చోటు చెప్పుకోండి, లేదంటే రెండు పెద్ద కూలర్లు, మంచి కత్తులు బండిలో వేసుకోండి. రాంచ్ వాళ్ళతో మాట్లాడ్డానికి ఫిబ్రవరి, మార్చి మంచి టైం, ఏప్రిల్ మొదటి మంగళవారం కొలరాడో డ్రా గడువు, ఆలోపు ఏ యూనిట్‌లో భూమి దొరుకుతుందో తేలితే అప్లికేషన్ దాన్నిబట్టి వేసుకోవచ్చు.