థీసిస్ టైపింగు, బైండింగు: శ్రీకాకుళంలో నేను చేయించుకున్న షాపు

ఐదుకి మూడు ఇస్తున్నా. బైండింగుకైతే ఐదుకి ఐదు, టైపింగుకి రెండు, గోడ మీద అంటించిన "పర్సంటేజీ తగ్గించబడును" అన్న కాగితానికి సున్నా (పర్సంటేజీ అంటే థీసిస్‌లో వేరేవాళ్ల రాతతో పోలిన శాతం). షాపు పేరు రాయను. ఆ కుర్రాళ్ల మీద నాకేం కోపం లేదు, పైగా ఏడురోడ్ల జంక్షన్ చుట్టుపక్కల థీసిస్ పట్టుకుని తిరిగినవాళ్లకి ఎలాగూ అర్థమైపోతుంది.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్‌లో ఉత్తరాంధ్ర కథ మీద పీహెచ్‌డీ చేశా. ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్ల సెలవులూ చాలావరకు కథానిలయం అనే తెలుగు కథల లైబ్రరీలోనే గడిచాయి. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో దాన్ని మన ఊళ్లోనే పెట్టారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే పాత పత్రికల కోసం ఎన్ని ఊళ్లు తిరగాల్సివచ్చేదో. అక్కడ కూర్చుని రాసుకున్న నాలుగు లాంగ్ నోటుబుక్కులూ, వాటి ఆధారంగా రాసిన చిత్తుప్రతీ సంచీలో వేసుకుని ఈ షాపుకెళ్లా. పేజీకి 30 రూపాయలు.

ఆపరేటర్ కుర్రాడి స్పీడు మాత్రం చూసి తీరాలి. కోడి కెలికినట్టుండే నా రాతని, మధ్యలో బాణం గుర్తులు పెట్టి వెనక పేజీలో ఇరికించిన వాక్యాలతో సహా, ఒక్కసారి కూడా అడక్కుండా కొట్టేశాడు. అడక్కపోవడమే తర్వాత కొంపముంచింది.

ముందు ఓనర్ సంగతి. కట్ట చూడగానే "మొదటి అధ్యాయం మా దగ్గర రెడీగా ఉంటాది మాస్టారూ, తెలుగు కథ పుట్టుక, వికాసం. మీకు కావలసిన చోట పేర్లు మార్చుకుంటే చాలు, టైపింగు డబ్బులు కలిసొస్తాయి" అన్నాడు. నవ్వాను. ఇంటికెళ్లాక భయమేసింది. ఆయన తప్పేముంది? ఏళ్ల తరబడి అదే అధ్యాయం వేర్వేరు స్కాలర్ల చేతుల మీదుగా ఆ బల్ల మీదికి వస్తుంటే ఫైలు దాచుకోడా మరి.

వద్దని నా అధ్యాయమే టైపు చేయించా. అందులో నేను రాసింది ఇదీ: భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో హిందూసుందరిలో వచ్చింది, గురజాడ 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది, ఎనిమిదేళ్లు ముందొచ్చిన కథని పక్కనపెట్టి రెండోదాన్నే తొలి కథ అని ఇన్నాళ్లూ ఎందుకు చెప్పుకున్నాం అని. ప్రూఫు తీసి చూస్తే "తొలి తెలుగు కథ 1910లో గురజాడ రాసిన దిద్దుబాటు" అని ఒకే ఒక్క వాక్యం, చక్కగా బోల్డులో. అచ్చమాంబ మాయం.

ఇదేంటి తమ్ముడూ అంటే, "మీరు పొరపాటున రాసేసారనుకున్నాను మాస్టారూ. ఇప్పటిదాకా కొట్టినవాటన్నిట్లోనూ ఇలాగే ఉంది. అయినా మన గురజాడోరిని తగ్గించేస్తన్నారేటి?"

తగ్గించడం కాదు నాయనా అని పది నిమిషాలు చెప్పా. కొత్త రకం కథాశిల్పం, వాడుకభాష చూసి దిద్దుబాటుకే ఓటేసేవాళ్లూ ఉన్నారు, ఆ వాదనా ఉండాల్సిందే. కానీ 1902 నాటి పత్రికని ఎవరో దుమ్ము దులిపి తెరిచారు కాబట్టే కదా అసలు వాదన పుట్టింది. పాత థీసిస్ చూసి కొత్త థీసిస్ రాసేవాళ్ల వల్లయితే ఇంకో వందేళ్లకీ పుట్టేది కాదు. నలుగురూ రాసిందే నిజమనుకోవడంలో ఆ కుర్రాడికీ మా లెక్చరర్లకీ పెద్ద తేడా ఏం లేదు, అతనికి పేజీకి 30 వస్తాయి, మాకు ఇంక్రిమెంట్లు వస్తాయి.

ఇక ఫాంటు గోల. వాళ్లు కొట్టేది అను ఫాంట్లలో. తెర మీద తెలుగే కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. నాకు తెలియదు. తెలిసినాయన ఒకరు కాపీని పట్టే ప్లేజరిజం సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే ఒక్క శాతం వచ్చింది, ఇంట్లో పాయసం కూడా చేయించా. తర్వాత ఆయనే ఫోన్ చేసి, అది మీ థీసిస్ చదవనే లేదండీ, చదవడానికి దానికి తెలుగే కనబడలేదు అన్నాడు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉన్నా పర్లేదు, 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అసలు చదవలేకపోతే ఏం చేయాలో అందులో ఎక్కడుందో నాకైతే దొరకలేదు!

ఇంకో బాధ ఏంటంటే, ఇలా కొట్టిన పీడీఎఫ్‌ని శోధగంగలో (దేశంలోని థీసిస్‌లు పెట్టే వెబ్‌సైటు) పెట్టినా వెతికితే దొరకదు. కథకుడు రావిశాస్త్రి పేరు కొడితే, పేజీ నిండా రావిశాస్త్రే ఉన్నా సున్నా ఫలితాలు. అందుకే మొత్తం, లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే యూనికోడ్‌లోకి మార్పించా, ఇంకో 2,000 అయింది. మార్చాక సగం ఒత్తులు ఊడిపోయాయి, 'స్త్రీ' అన్న చోటల్లా ఒక చిన్న చదరం వచ్చి కూర్చుంది. స్త్రీ పాత్రల మీద ఒక అధ్యాయమే ఉంది నాకు. రెండు రాత్రులు నిద్ర లేదు. మీరు వెళ్తే మొదటి పేజీ నుంచే యూనికోడ్‌లో కొట్టమని చెప్పండి, "రేటు ఎక్కువండీ" అంటారు, ఇచ్చేయండి.

పర్సంటేజీ తగ్గించే విద్య కూడా చూశా, పక్క కుర్చీలో వేరెవరిదో జరుగుతోంది. "రైతు ఆకలి" అన్న మాట తీసి "కర్షకుని క్షుద్బాధ" అని పెడుతున్నారు. ఇంతే విద్య. ఆ స్కాలరు పక్కనే కూర్చుని టీ తాగుతున్నారు.

బైండింగు మాత్రం వంక పెట్టడానికి లేదు. మెరూన్ రెగ్జిన్, కుట్టు గట్టిగా ఉంది, వీపు మీద బంగారు రంగు అక్షరాలు ఒక్కటీ వంకర పోలేదు. ఆరు కాపీలు, ఒక్కోటి 350, చెప్పిన రోజుకి చెప్పిన టైముకి ఇచ్చారు.

ఒక్క విషయం. లోపలి పేజీలన్నీ దగ్గర కూర్చుని సరిచేయించిన నేను, విషయసూచిక చూడలేదు. ఆరు కాపీల్లోనూ "1.2 తొలి కథ దిద్దుబాటు" అనే ఉంది. వైవా రోజున ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు మొదట తెరిచింది ఆ పేజీయే.