కొండపల్లి బొమ్మలని చెప్పి అచ్చు బొమ్మలు అంటగడుతున్నారు, జాగ్రత్త

సంక్రాంతి కొలువు కోసం కొండపల్లి బొమ్మలు ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. "పాతకాలపు ఉమ్మడి కుటుంబం సెట్టు, తెల్లపొణికి కర్ర, చేత్తో చెక్కినవి" అని ఫొటోలు పెట్టి అమ్ముతున్న ఒక పేజీలో 3,800 రూపాయలు కట్టి తీసుకున్నాను. మజ్జిగ చిలికే ఆవిడ, తిరగలి విసిరే అత్తాకోడళ్లు, రోకళ్లతో దంచే ఇద్దరు ఆడవాళ్లు, నులక మంచం మీద తాతగారు. ఫొటోల్లో ఉన్నవి అసలైన బొమ్మలే. ఇంటికొచ్చినవి మాత్రం రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో పోతపోసినవి.

పెట్టె ఎత్తగానే అనుమానం వచ్చింది, అంత బరువు. పొణికి చాలా తేలిక కర్ర, అందుకే ఆ బొమ్మలకి దాన్నే వాడతారు. విప్పి చూస్తే దంచే ఇద్దరి ముఖాలూ ఒక్కటే, పెదవి చివర వంపుతో సహా. చేత్తో చెక్కిన రెండు ముఖాలు అలా రావు. పక్కల వెంట పైనుంచి కిందిదాకా సన్నటి గీత, అచ్చు రెండు సగాలు కలిసిన చోటు. అడుగున గీకితే ఎంత లోపలికెళ్లినా గట్టి తెల్ల ముద్దే. ఇక్కడొక సంగతి: అసలు బొమ్మకీ రంగు కింద సున్నం పూత ఉంటుంది, కాబట్టి తెలుపు కనపడగానే నకిలీ అని తేల్చకండి. ఆ పూత కింద కర్ర ఉందా లేదా అన్నదే చూడాలి. మెరుపును బట్టి కూడా చెప్పలేం. ఇప్పుడు కొండపల్లిలోనే ఎనామిల్ రంగులు వాడుతున్నారు.

అమ్మినవాళ్లని అడిగితే "చేత్తో చేసినవి కదండీ, కొంచెం తేడాలుంటాయి" అన్నారు. నా బాధంతా తేడాల్లేవనే! పార్సెల్ విప్పిన వీడియో పంపాక నంబర్ బ్లాక్ చేశారు.

నాకు డబ్బు కన్నా ఎక్కువ కోపం తెప్పించింది వేరే ఉంది. కొండపల్లిలో కర్రని సన్నటి సెగ మీద ఆరబెట్టి, చేతులు, కాళ్లు, కుండ, రోకలి విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ తర్వాతే సున్నం, రంగులు. పొణికి కర్ర దొరకడమే కష్టమైపోతున్న రోజుల్లో, జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉన్న పేరుని ఇలా వాడుకుంటే నష్టపోయేది ఆ బొమ్మలు చెక్కే కుటుంబాలు.

కొనేముందు బొమ్మ అడుగుభాగం ఫొటో, తూకం మీద పెట్టిన వీడియో అడగండి. అసలు బొమ్మలు ఉన్నవాళ్లు వెంటనే పంపుతారు. "తాతల నాటి సెట్టు" అని ఎక్కువ ధర చెబితే ఇంకా జాగ్రత్త, పొగ పట్టించి పాతగా చూపించడం పెద్ద పనేం కాదు. ముందే యూపీఐలో మొత్తం పంపొద్దు. వీలైతే విజయవాడ పక్కనే కాబట్టి కొండపల్లి వెళ్లి, చెక్కేవాళ్ల దగ్గరే తీసుకోండి. లేదా ప్రభుత్వ హస్తకళల దుకాణమైన లేపాక్షి షోరూంలో చేత్తో పట్టుకు చూసి కొనండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. ఇలాగే పోగొట్టుకున్నవాళ్లు చాట్, చెల్లింపు రసీదు, పార్సెల్ వీడియో చెరిపేయకుండా ఉంచుకుని మీరూ చేయండి.