ఏరేటర్ ఆంపియర్లు కొలవడానికి ట్రాన్సిస్టర్ మేలా, ఆప్-ఆంప్ మేలా?

ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువులకు ఏరేటర్ (రెక్కల చక్రాలతో నీటికి గాలి పట్టించే యంత్రం) అలారాలు కట్టే కుర్రవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒక్కటే: సీటీ (మోటారు వైరు చుట్టూ కూర్చుని ఆంపియర్లను పసిగట్టే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) నుంచి వచ్చే సంకేతాన్ని ఒక్క ట్రాన్సిస్టర్‌తో పసిగడితే చాలదా, ఆప్-ఆంప్ (చిన్న సంకేతాన్ని కొలిచినట్టు పెంచే చిప్పు) దాకా వెళ్లాలా? (మన వైపు కరెంటు అంటే సరఫరా అనే అర్థం గనుక, ఇక్కడ ఆంపియర్లు అనే అంటాను.)

మోటారు ఆగిందని చెప్పడమే పనైతే ట్రాన్సిస్టర్ చాలు. కానీ 2 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు నిండు బరువు మీద సుమారు 3.5 ఆంపియర్లు తీసుకుంటే, గేర్‌బాక్స్ పోయి ఖాళీగా తిరిగినా అందులో సగం దాకా తీసుకుంటూనే ఉంటుంది. నాలుగు రెక్కల చక్రాల్లో ఒకటే ఊడితే తగ్గేది ఇంకా కొద్ది. అందువల్ల ఆంపియర్లు ఇంతకు తగ్గితే అలారం మోగాలని మనం పెట్టిన హద్దు పగలూ రాత్రీ ఒకేచోట నిలవాలి.

ట్రాన్సిస్టర్ తడబడేది ఇక్కడే. దాని బేస్-ఎమిటర్ వోల్టేజి 0.6 వోల్టుల దగ్గర ఉండి, వేడి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. సంక్రాంతి వెళ్లిన వారంలో నేను ఒక స్టార్టర్ డబ్బాలో బీసీ547 అనే ట్రాన్సిస్టర్ పెట్టి, ఎండకు డబ్బా 45 డిగ్రీలున్నప్పుడు హద్దును 3 ఆంపియర్లకు సరిచేసి వచ్చాను. తెల్లవారుజామున 20 డిగ్రీలకు దిగేసరికి 50 మిల్లీవోల్టుల తేడా వచ్చి, అదే హద్దు 3.25కు జరిగింది, 3.2 ఆంపియర్లతో చక్కగా తిరుగుతున్న మోటారుకు అలారం మోగింది. రైతు టార్చి పట్టుకుని గట్టు మీదికి పరుగెత్తి చూస్తే నురుగు చిమ్ముతూనే ఉంది. మూడో రాత్రి ఆయన బజరు వైరు పీకేశారు.

ఆప్-ఆంప్‌లో సంకేతం ఎన్ని రెట్లు పెరగాలో నిర్ణయించేది రెండు రెసిస్టర్ల నిష్పత్తి మాత్రమే. ఆంపియర్లను వెయ్యో వంతుకు దించే 1000:1 సీటీకి 100 ఓమ్‌ల బర్డెన్ (ఆ ఆంపియర్లను వోల్టులుగా మార్చే రెసిస్టర్) పెడితే 3.2 ఆంపియర్లకు 0.32 వోల్టులు వస్తాయి. ఎల్ఎం358 అనే ఆప్-ఆంప్‌తో అయిదు రెట్లు చేస్తే 1.6. దాని ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ల దగ్గర ఉండే చిన్న వోల్టేజి తేడా) డిగ్రీకి కొన్ని మైక్రోవోల్టులే కదులుతుంది. అయితే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ డయోడ్‌ను ఫీడ్‌బ్యాక్ వలయం (ఆప్-ఆంప్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు తిరిగొచ్చే దారి) లోపలే ఉంచాలి. బయట పెడితే వదిలించుకున్న 2 మిల్లీవోల్టుల బెడద మళ్లీ వచ్చినట్టే.

ఉప్పుగాలికి ట్రాన్సిస్టరే గట్టిదన్న మాట నిజమే: తేమ పట్టిన బోర్డు మీద లీకేజీకి ఆప్-ఆంప్ ఇన్‌పుట్లు త్వరగా లోబడతాయి. రెండు పూతల వార్నిష్‌తో ఆ చిక్కు తీరుతుంది. వేడితో జరిగే హద్దుకు అంత సులువైన మందు లేదు. ధరలో తేడా ఒకటి రెండు టీలకు మించదు.

అయస్కాంత క్షేత్రాన్ని బట్టి ఆంపియర్లు కొలిచే హాల్ సెన్సర్ బోర్డుకు లైను వైరు తెంపాలి గనుక నేను వాడను. లైనులోనే కలిపే షంట్ రెసిస్టర్ పెడితే సర్క్యూట్ మొత్తం 415 వోల్టుల లైనుకే అంటి ఉంటుంది. తడి గట్టు మీద దాని ఊసే వద్దు.