ఇంట్లో చేసుకున్న చెక్క కడ్డీతో షాట్‌గన్ శుభ్రత: ఎనిమిదేళ్ల వాడకం తరువాత

నా పన్నెండు గేజీ (గేజీ అంటే గొట్టం లావు కొలత) జంట గొట్టాల తుపాకీని ఎనిమిదేళ్లుగా నేను స్వయంగా చేసుకున్న చెక్క కడ్డీతోనే శుభ్రం చేస్తున్నాను. గొట్టం లోపలి వ్యాసం దాదాపు 18.5 మిల్లీమీటర్లు, పొడవు 71 సెంటీమీటర్లు కనుక, 12 మిల్లీమీటర్ల మందం, 90 సెంటీమీటర్ల పొడవు ఉన్న గట్టి కర్రను ఎంచుకున్నాను. అంతకుముందు వాడిన అతుకుల అల్యూమినియం కడ్డీ మర దగ్గర వంగి గొట్టం గోడకు రాసుకునేది. ఒకే ముక్కగా ఉన్న ఈ కర్రతో ఆ బాధ తప్పింది.

మొదట కర్ర కొసను చీల్చి అందులో గుడ్డ దూర్చాను. అది పొరపాటు. చోక్ అంటే గొట్టం మూతి దగ్గరి ఇరుకు భాగం; ఫుల్ చోక్ ఉన్న గొట్టం అక్కడ దాదాపు ఒక మిల్లీమీటరు సన్నబడుతుంది. గొట్టం నడుమ బిగువుగా జరిగిన గుడ్డ ఆ చోక్‌లో ఇరుక్కుపోయి, దాన్ని వెనక్కి లాగడానికి ఒక పూటంతా పట్టింది. ఆ తరువాత కొసకు ఇత్తడి మరను బిగించి, గుడ్డ మందాన్ని చోక్ దగ్గరే సరిచూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

బ్రష్షు మాత్రం ఇంట్లో చేయదగినది కాదని నా గట్టి అభిప్రాయం. తూటాలోని ప్లాస్టిక్ వాడ్ (మందుకూ గుండ్లకూ మధ్య ఉండే బిళ్ల) వేగంగా దూసుకుపోతూ, తూటా గది (తూటా పెట్టే చోటు) గొట్టంలోకి సన్నబడే చోటా, చోక్ దగ్గరా సన్నని చారలను వదులుతుంది. ముతక గుడ్డ ఎంత చుట్టి రుద్దినా అవి కదలలేదు. గొట్టపు ఉక్కు కన్నా మెత్తనైన కంచు బ్రష్షు కొని బిగించాకే, తూటా గది వైపు నుంచి మూతి వైపుకు నడిపితే అవి ఊడి వచ్చాయి.

చెక్కకు ఒక లోపం ఉంది: ఇసుక రేణువులు అందులో గుచ్చుకుని గొట్టాన్ని గీస్తాయి. అందుకే కడ్డీకి వార్నిష్ పూసి, ప్రతిసారీ తుడిచాకే లోపలికి పంపుతాను. మురికిలో సీసం ఉంటుంది కాబట్టి చేతి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, పని ముగిశాక సబ్బుతో చేతులు కడుగుతాను. ఈ పనికి దిగేముందు రెండు తూటా గదులూ ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ చూసుకోనిదే కడ్డీ ముట్టను.

ఈ ఏడాది వార్నిష్ రెండోసారి పూశాను. ఇత్తడి మర ఇంకా వదులు కాలేదు.